చీమలు పట్టిన తావు

మా పక్కవాటాలోకి అద్దెకొచ్చిన అమ్మాయి ఒక లాబ్రడార్ కుక్కను పెంచుకుంటోంది. నేను మెట్ల మీద కూర్చుని కూరగాయల బండాయనతో బేరమాడుతూ రెండు వారాలు ఆ కుక్కనే గమనించాను. బకెట్లో మూతి పెడితే తీసేది కాదు. తిండి గిన్నెను మెరుగు పెట్టినట్టు నాకేది, అయినా మెడ పట్టీ మాత్రం వారానికొక రంధ్రం బిగించాల్సి వచ్చేది. మూడో వారం తలుపు తట్టి, "అమ్మాయ్, దీనికి షుగరు పరీక్ష చేయించు" అన్నాను. ఆ పిల్ల నన్నొక తిక్క ముసలిదాన్ని చూసినట్టు చూసింది. నాలుగు రోజుల తర్వాత కళ్ళు ఎర్రగా పెట్టుకుని వచ్చి, "మీకెట్ల తెలిసింది ఆంటీ?" అని అడిగింది. ఎట్ల తెలిసిందో చెప్పాలంటే, నాకు ఎంతకాలం తెలియలేదో ముందు చెప్పాలి. అది మెట్ల మీద నిలబడి చెప్పే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

చిత్తూరులో మా నాయనది బెల్లం మండీ. చుట్టుపక్కల పల్లెల్లో గానుగాడి వండిన బెల్లం ట్రాక్టర్లలో మా దగ్గరికి వచ్చేది, మా దగ్గర్నుంచి తిరుపతికీ కాణిపాకానికీ అరవదేశానికీ పోయేది. పొద్దున్నే మండీ తలుపు తీస్తే కొత్త బెల్లం వాసన, దాని వెనక పాత గోనె వాసన, ఆ రెంటి మీదా నాయన వేసే సాంబ్రాణి పొగ. మండీ పనిమనిషి మునెమ్మ అప్పటికే ఊడ్చి నీళ్ళు చల్లి ఉండేది. నాయన విభూతి రేఖలు ఆరకముందే గల్లాపెట్టెకు దండం పెట్టి, ఒక బెల్లం అచ్చు చితక్కొట్టి తునక ఒకటి చిట్టికి వేసేవాడు. చిట్టి మా మండీ కుక్క. ఏదో పల్లె ట్రాక్టరులో మూటల మధ్య పిల్లగా వచ్చి, దించుకునేవాళ్ళెవరూ లేక మా దగ్గరే ఉండిపోయింది. పాకం రంగు ఒళ్ళు, ఒక చెవి వాలింది, ఒకటి నిక్కింది. డిగ్రీలో ఒక పేపరు తప్పి, మళ్ళీ రాసేదాకా ఏం చెయ్యాలో తెలియక నేను మండీలో కూర్చోవడం మొదలుపెట్టేటప్పటికి దానికి ఆరేళ్ళు. గిరాకీతో ఎట్ల మాట్లాడాలో నాకంటే దానికే బాగా తెలుసు.

ఎట్లంటే, మా మండీలో ఒక పద్ధతి ఉండేది. కొనేవాడు ముందు మచ్చు చూస్తాడు. అచ్చు మూల విరిచి, రవంత నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, నచ్చకపోయినా నచ్చినా ముందు మొహం చిట్లిస్తాడు. ఆ చిట్లింపు మీదే మా బతుకులన్నీ. కొరికిన మచ్చు ఎంగిలి కాబట్టి మళ్ళీ రాశిలో వెయ్యకూడదు. దాన్ని చిట్టికి వేసేవాళ్ళు. చిట్టి తిని తోక ఊపితే బేరం ముడిపడినట్టు. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. మొదట్లో నవ్వులాటకు అన్నదే అయ్యుంటుంది. కానీ వ్యాపారస్తుల నవ్వులాట రెండేళ్ళు నిలిస్తే ఆచారమైపోతుంది. చిట్టి ముట్టని సరుకు లోడెత్తరని పక్క మండీ చెంగల్రాయుడు కూడా అసూయగా చెప్పుకునేవాడు. తన మండీకొక కుక్కను తెచ్చి అలవాటు చేయబోతే, అది బెల్లం వాసన చూసి తుమ్మి వెళ్ళిపోయిందట.

ఆ ఎండాకాలం చిట్టి నీళ్ళు జాస్తి తాగడం మొదలుపెట్టింది. ఎండలు కదా అనుకున్నాం. ఎండలు తగ్గి రెండు వానలు పడినా గిన్నె ఖాళీగానే ఉండేది. ఎప్పుడూ బయటి కాలువ దాకా పోయి వచ్చే కుక్క గడప పక్కనే ఉచ్చ పోసేస్తోంది. వయసైపోయింది కదా అన్నాడు నాయన. రెండు ముద్దలు తినేది నాలుగు ముద్దల సంగటి తిని ఇంకా చూస్తోంది. అంగడి మనుషులకు ఇంతకంటే మంచి గుర్తు ఏముంది? తినేదానికి రోగమేంది, రోగమొస్తే మొదట తిండే కదా పోయేది అని మా లెక్క. అంత తిన్నా వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు జపమాలలాగా తగలడం మొదలయ్యాక, అమ్మ మిరపకాయలు ఉప్పు తిప్పి దిష్టి తీసింది. బలం చాలడం లేదని నాయన సంగటిలో బెల్లం కలిపి పెట్టమన్నాడు. అది చిక్కేకొద్దీ మేము బెల్లం పెంచాం. ప్రేమతోనే పెంచాం, అదే ఇప్పటికీ గొంతు దిగని ముక్క. మధ్యాహ్నాలు ఎప్పుడూ లేనిది మత్తుగా పడుకునేది. ఒకసారి నడుస్తూ నడుస్తూ మూటకు గుద్దుకుంది. సోమరిపోతు అయిందని నవ్వాను.

ఇక చీమల సంగతి. బెల్లం మండీలో చీమలను ఎవరూ చూడరు, సముద్రం ఒడ్డున ఇసకను చూడనట్టే. పైగా మాకు అవి సాక్ష్యం. మందులు కొట్టిన బెల్లానికి చీమ పట్టదు, మంచి బెల్లానికే పడుతుంది అని గిరాకీకి చెప్పుకునేవాళ్ళం. ఒకనాడు కాణిపాకంలో పూజాసామాన్ల అంగడి పెట్టుకున్న గురవయ్య వచ్చాడు. మా నాయన వయసువాడు, మచ్చు చూస్తే చిట్లించిన మొహం అరగంట దాకా విప్పడు. నాయన బయటికెళ్ళాడు. బేరం నా చేతిలోంచి జారిపోతోంది. గడప పక్కన సిమెంటు మీద అరచెయ్యంత మేర నల్లగా చీమలు మూగి ఉండటం కనిపించింది.

"పెద్దాయనా, నా మాట నమ్మద్దు. ఆ చీమల్ని చూడు. నిన్న ఈ సరుకు మూట ఆడ దించినారు. మూట ఎత్తినా చీమ వదల్లేదు" అన్నాను.

గురవయ్య వంగి చూశాడు. మొహం విప్పాడు. చిట్టికి మచ్చు వేశాడు, చిట్టి తోక ఊపింది, సరుకు లోడెత్తింది. నేను గల్లాపెట్టె వెనక కూర్చుని, ఈ తెలివి పరీక్షలో ఎందుకు పనిచెయ్యలేదా అని ఆశ్చర్యపోతున్నాను.

మునెమ్మ చీపురుతో వచ్చి నిలబడింది. మా మండీలో పదేళ్ళుగా ఊడ్చే మనిషి, ఎవరికీ భయపడేది కాదు.

"పాపా, ఆడ మూట ఎప్పుడు దించినారు?"

"దించినార్లే మునెమ్మా. నువ్వు లేనప్పుడు."

"నేను లేనప్పుడు ఈ మండీలో గాలి కూడా దించరు. మూటా లేదు, ముద్దా లేదు. అది చిట్టి పోసిన తావు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఇట్రా" అని వెనక్కి తీసుకుపోయింది. గుడ్డలుతికే బండ పక్కన, బెల్లం ఏనాడూ పోని చోట, ఇంకో నల్లటి మడుగు. దాని పక్కన ఇంకోటి. "మా ఇంటాయన కాలివేళ్ళు షుగరుకు తీసెయ్యకముందు మా దొడ్డిగోడ పక్కన ఇట్లనే ఉండె. అది చీమల పుట్టనుకుని మందు చల్లినా. నువ్వు దాన్ని చూపించి సరుకు అమ్మితివి. నాకంటే గెట్టిదానివే" అంది.

కుక్కకు షుగరు వస్తుందని నేను వినలేదు. వినలేదని ఊరుకోవడానికి మాత్రం మనసు ఒప్పలేదు, ఎందుకంటే ఆ చీమల మీద అబద్ధం కట్టింది నేను. అమ్మేటప్పుడు అబద్ధమాడే మనిషికి కొనేటప్పుడు ఎవరి మాటా నమ్మే అలవాటుండదు. మునెమ్మ మాట కూడా నమ్మకుండా, నేనే తేల్చుకుందామనుకున్నాను. ఆదివారం చిట్టిని మా ఇంటి మిద్దె మీదికి తీసుకుపోయాను. ఆడ బెల్లం వాసన కూడా లేదు. చెంబుతో కొలిచి నీళ్ళు పోశాను. మునుపు రోజంతా ఒకటిన్నర చెంబు తాగే కుక్క ఎండ చల్లబడే మాయిటాలకు ఆరు చెంబులు తాగింది. అది పోసిన చోట ఒక గుర్తు గీసి, మూరెడు దూరంలో ఉత్త నీళ్ళు పోసి ఇంకో గుర్తు గీశాను. పొద్దు వాలేటప్పటికి పిట్టగోడ సందులోంచి ఒక వరస బయల్దేరి, ఉత్త నీళ్ళ గుర్తును పట్టించుకోకుండా దాటి, తిన్నగా చిట్టి గుర్తు దగ్గరికి పోయింది. నేను ఆ వరస పక్కన గొంతుకూర్చుని ఉన్నాను. చిట్టి నా దగ్గరికి వస్తూ నీళ్ళచెంబును తన్నుకుంది. గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పితే, కంటిపాప నడుమ పాలచుక్క కలిపినట్టు తెల్లగా ఉంది.

చిత్తూరులో పశువుల డాక్టరు చూసి, అనుమానించేది సరేనమ్మా, రక్తం చూసి మందు నిర్ణయించేది తిరుపతిలో పెద్దాసుపత్రి అన్నాడు. బస్సులో కుక్కను ఎక్కనివ్వరని, బుధవారం తిరుపతి అంగళ్ళకు సరుకు తోలే మా టెంపోలో ఎక్కించాను. ఎంత తెలివిగలదాన్నంటే, చంద్రగిరి దాటేదాకా నాకు తట్టలేదు, షుగరు పేషెంటును బెల్లం మూటల మీద కూర్చోబెట్టానని. వెనక్కి తిరిగి చూస్తే మూట మూలను హాయిగా నాకుతోంది. టెంపో ఆపించి, ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకున్నాను. ఒకప్పుడు దాన్ని ఎత్తాలంటే ఇద్దరం కావాలి. ఆ రోజు ఒళ్ళో దుప్పటి మడత పెట్టుకున్నట్టుంది. అప్పుడు తెలిసింది నాకు భయమంటే ఏందో.

ఆసుపత్రిలో ఉన్నది లేడీ డాక్టరు, కర్నూలు పక్కామె. ఒక్కొక్కటే అడిగింది, నీళ్ళు ఎట్ల, ఒంటికి ఎన్నిసార్లు, తిండి ఎట్ల, బరువు ఎట్ల, కళ్ళు ఎప్పట్నుంచి. నేను ప్రతిదానికీ గుర్తుతో పాటు మేము చెప్పుకున్న సాకు కూడా చెప్పాను, ఎండలు, వయసు, దిష్టి, సోమరితనం. ఆమె రాసుకోవడం ఆపి, "మీ దగ్గర అన్నిటికీ జవాబుందే" అంది. తర్వాత ఒక గాజుగొట్టంలో నీలం నీళ్ళు పోసి, చిట్టి ఉచ్చ చుక్కలు వేసి దీపం మీద పట్టింది. నీలం ఆకుపచ్చయింది, పసుపైంది, చివరికి ఇటుక రంగుకు తిరిగింది. పాకం రంగు తిరిగేది చిన్నప్పట్నుంచి చూసినదాన్ని, ఏ రంగు దగ్గర దించాలో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. రక్తం పరీక్ష కూడా అదే చెప్పింది.

"బెల్లం వల్లేనా మేడం?" అని అడిగాను.

"బెల్లంతోనే వచ్చిందని చెప్పలేను. ఆపరేషన్ కాని ఆడకుక్కలకు, ఎదకొచ్చి పోయిన తర్వాత ఇది పట్టుకోవడం ఉంది. కానీ వచ్చినాక మీరు పెట్టింది మాత్రం నిప్పులో నెయ్యి. తిండి జాస్తి తింటూ చిక్కిపోతోందంటే అది ఆరోగ్యం కాదమ్మా, తిన్నది ఒంటికి అందడం లేదని. కళ్ళు నేను వాపసు తేలేను. ప్రాణం మాత్రం మీ చేతిలో ఉంది."

రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు, కొలిచిన తిండి పెట్టి ఇన్సులిన్ సూది. కుదుటపడినాక గర్భసంచి తీసే ఆపరేషన్. తీపి తునక కూడా తగలకూడదు. తిండి తినకుండా సూది పడి, షుగరు మరీ తగ్గి తూలి పడిపోతే మాత్రం చిగుళ్ళకు చక్కెరనీళ్ళు రుద్ది పరుగెత్తుకు రమ్మంది. ఆమె చర్మం పట్టి ఎత్తి చూపిస్తే, నేను అక్కడే వేసి చూపించాను. మొదటిసారే సూది దిగింది.

నాయన అంతా విన్నాడు. ఆ తర్వాత, "తవణంపల్లె పక్క మీ మామ మామిడితోట ఉండాది కదా. ఆడ పంపిచ్చేద్దాం. నీడుండాది, నీళ్ళుండాయి" అన్నాడు.

"సూది ఎవరేస్తారు నాయనా ఆడ? మామిడిచెట్లా?"

"గమ్మునుండు పాపా. బెల్లం మండీ కుక్కకు షుగరని తెలిస్తే ఏమవతాదో ఎరికేనా? చెంగల్రాయుడు ఊరంతా తమ్మటం కొడతాడు. వాళ్ళ బెల్లం తిని కుక్కకే పట్టింది, మనుసులేం గావాల అంటాడు. రేపు మచ్చు ఎవడు ముడతాడు?"

ఆయన చెడ్డవాడు కాదు. రోజూ మొదటి తునక చిట్టికే వేసిన మనిషి. కానీ మండీ మీద ఆరు కుటుంబాలు బతుకుతున్నాయి, ఆయన భయం ఒట్టిది కాదు. ఏడిస్తే పని జరగదని నాకు తెలుసు, మా ఇంట్లో ఏడుపుకు ఎప్పుడూ మంచి ధర పలకలేదు. ఆయన భుజం మీద తుండుగుడ్డ లాగి, ఆయన కుడిచేతి మీద కప్పి, దాని కింద ఆయన వేళ్ళు పట్టుకున్నాను. పెద్ద బేరాలు మండీలో అట్లనే జరిగేవి, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా, గుడ్డ కింద వేళ్ళు నొక్కి. ఆడపిల్లలకు అది నేర్పరు. నేను మూటల వెనక నుంచి చూసి నేర్చుకున్నాను.

వేలికొక రోజు లెక్కన మొత్తం చెయ్యి ఆరుసార్లు నొక్కాను. చిట్టిని ఇక్కడే ఉంచడానికి నెల రోజులు. ఆయన అదిరిపడి నా మొహం చూశాడు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు, వ్యాపారస్తుడు కదా. మూడు వేళ్ళు నొక్కాడు. నేను నాలుగుసార్లు చెయ్యి నొక్కాను. ఆయన అయిదు వేళ్ళకొచ్చాడు. చివరికి పన్నెండు దగ్గర ఇద్దరి చేతులూ ఆగాయి.

"పన్నెండు దినాలు. అంతలో నీళ్ళు తగ్గాల, ఒళ్ళు పట్టాల. ఇంగోటి, మునెమ్మ తప్ప మండీలో ఇంకొకరికి తెలీకూడదు" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. ఆ మూడో షరతు దగ్గరే మోసపోయానని రెండో రోజుకే తెలిసింది. సూది వెయ్యడం కష్టం కాలేదు. అమ్మ మందు పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి ఫ్రిజ్జులో కరివేపాకు మీదినుంచి వేరే అరలోకి మార్చింది. పొద్దున మాయిటాల వెనకగదిలో నేను సూది, మునెమ్మ చిట్టి తల పట్టడం. కష్టం మచ్చు దగ్గర వచ్చింది. కారణం చెప్పకుండా పాతికమందిని ఎట్ల ఆపేది? వెనక కట్టేస్తే, చిట్టి యాడ, అది ముట్టకుండా సరుకెట్ల ఎత్తేది అని అడిగేవాళ్ళు. విప్పితే, నేను ఒకరి చేతిలోది ఆపేలోపల ఇంకొకరు వేసేవాళ్ళు. ఒకాయన మచ్చు నేనే చేతిలోకి తీసుకుని, చిట్టి మూతి దగ్గర పెట్టినట్టు పెట్టి, పిడికిట్లో దాచాను. ఇంకొకాయన దగ్గర దానికి కడుపునొప్పి అన్నాను. చెంబులు ఆరు నుంచి నాలుగుకు దిగి, నాలుగు దగ్గరే నిలిచిపోయాయి. సూది ఒక చేత్తో, బెల్లం ఇంకో చేత్తో.

ఇప్పుడు పక్కవాటా అమ్మాయి కుక్కకు చెవిలో చుక్క రక్తం తీసి ఇంట్లోనే మిషన్లో చూస్తోంది, ఫోన్లో అలారం పెట్టుకుని సూది వేస్తోంది. అప్పుడు మాకు ఉన్నది ఒక చెంబు, చీమలు, మునెమ్మ. కానీ పనిముట్లు లేక మేము ఆలస్యం చేశామని నేను అబద్ధం చెప్పను. గుర్తులన్నీ ఎదురుగానే ఉన్నాయి. మా వ్యాపారానికి పనికొచ్చే అర్థమే వాటికి ఇచ్చుకున్నాం. ఆ పని ఇప్పటివాళ్ళూ చేస్తున్నారు. లాబ్రడార్ అమ్మాయి మొదట్లో కుక్క సన్నబడిందని సంతోషపడిందట, డైటింగ్ పనిచేస్తోందని.

పన్నెండో రోజు మండీ నిండా జనం. గురవయ్య వచ్చాడు, మచ్చు చూశాడు, చిట్లించాడు, విప్పాడు. నేను కాటా దగ్గర ఉన్నాను. ఆయన ఎప్పటికంటే పెద్ద తునక విరిచి చిట్టి ముందు వెయ్యడం, చిట్టి కళ్ళు కనపడకపోయినా వాసనతో దాన్ని దొరకబుచ్చుకోవడం ఒక్కసారే జరిగాయి. నేను మూటలు దూకి పోయి, దాని దవడలు విప్పి, నోట్లో వేళ్ళు పెట్టి తునక బయటికి లాగాను. ఆరేళ్ళుగా ఎవరినీ కరవని కుక్క నా వేలు కొరికింది. రక్తం బెల్లం మీద పడింది.

"ఏందమ్మా ఇది? మూగజీవి నోటి ముందరి కూడు లాగేస్తావా?" అన్నాడు గురవయ్య, నిజంగానే బాధపడి.

 చెబితే నాయనతో బేరం తప్పినట్టు, చెప్పకపోతే కుక్క పోయినట్టు. నాయన గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచాడు. నా వేలు చూశాడు. చిట్టి నేల మీద తునక కోసం మూతితో వెతుకుతోంది, తునక ఒక దిక్కునుంటే అది ఇంకో దిక్కు వెతుకుతోంది. అది చూశాడు.

"పెట్టాకు గురవయ్యా. దానికి షుగరుండాది. కండ్లు పోయినాయి. ఇన్నాళ్ళు తెలీక నా చేత్తోనే పెట్టినా" అన్నాడు.

 గోడవతల చెంగల్రాయుడి నవ్వు వినిపించింది. "ఏందన్నా, మీ సరుకును కుక్కే తట్టుకోలేదా?"

"తట్టుకోలేదప్పా. నీది చూసి నీ కుక్క తుమ్మిపోయింది, నాది తిని నా కుక్కకు షుగరొచ్చింది. యాడ కొనాలో వాళ్ళనే కొనుక్కోనీ" అన్నాడు నాయన, గొంతు పెంచకుండా.

ఎవరో కిసుక్కుమన్నారు. గురవయ్య చేతిలో ఇంకో తునక మిగిలి ఉంది. దాన్ని రాశిలో వెయ్యలేడు, చిట్టికి వెయ్యలేడు. అటూ ఇటూ చూసి తన నోట్లోనే వేసుకున్నాడు. నములుతూ, "మరి ఇంగ బేరం ముడిపడేది ఎట్లప్పా?" అన్నాడు.

"మాట మీద."

"ఓహో. ఇన్నేండ్లు కుక్క పూచీ మీద కొంటిని. ఇంగ నీ పూచీ మీద కొనాల. రవంత తగ్గించాల్సిందే" అన్నాడు గురవయ్య. ఇద్దరూ దాని మీద గంటసేపు పోట్లాడుకున్నారు.

మాయిటాల సూది వేళ అయింది. మండీలో ఇంకా పదిమంది ఉన్నారు. చిట్టి గిన్నె తీసుకుని నేను వెనకగది వైపు నడిచాను.

"లోపలెందుకు? ఈడనే పెట్టు. వెలుతురుండాది" అన్నాడు నాయన.

మండీ నడుమ, కాటా పక్కన గిన్నె పెట్టాను. చిట్టి తినడం మొదలుపెట్టాక, నాయన పంచె ఎగ్గట్టి గొంతుకూర్చుని దాని మెడ వెనక చర్మం రెండు వేళ్ళతో పట్టి ఎత్తాడు.  నా వేలికి గుడ్డ చుట్టి ఉండటంతో సూది మీద సరిగ్గా పట్టు చిక్కలేదు. "ఇట్లియ్యి" అని నా చేతిలోంచి తీసుకున్నాడు. బేరాలు ఆపి అందరూ చూస్తున్నారు. ఎంత లోపలికి, ఎటువైపు అని మెల్లగా అడిగాడు. చెప్పాను. వేశాడు. చిట్టి గిన్నెలోంచి తల కూడా ఎత్తలేదు.